ఓడినవాళ్ళు మర్నాడు ఏం చేశారు? పోలండ్, హంగరీ రాజ్యాంగాల మీద ఒక పరిశోధనను గైడ్ చేసిన అనుభవం

కమ్యూనిస్టు పాలన ముగిశాక తూర్పు యూరప్ దేశాలు రాసుకున్న రాజ్యాంగాల మీద నా దగ్గర ఒక స్కాలర్ పీహెచ్‌డీ చేశారు. ఆ పని ఎక్కడ ఇరుక్కుపోయిందో, ఎలా బయటపడిందో రాసి పెడుతున్నాను. యూనివర్సిటీ పేరు, సంవత్సరం, ఆయన ఊరు, కమిటీలో ఎవరున్నారు అన్నవి రాయడం లేదు. ఆయన్ని గుర్తుపట్టేలా చేసే ఒకటి రెండు వివరాలు మార్చాను. పోలండ్, హంగరీ, రొమేనియాల్లో జరిగినవి మాత్రం జరిగినట్టే రాశాను.

రాయడానికి కారణం ఒకటే. రెండేళ్ళకు పైగా మేమిద్దరం తప్పు ప్రశ్న పట్టుకుని తిరిగాం. అది మా ఇద్దరి అమాయకత్వంతో పోయే తప్పయితే ఇంత రాయక్కర్లేదు. అదే ప్రశ్న ఒక దేశంలో రాజ్యాంగాన్ని పక్కన పడేయడానికి పనికొచ్చింది. ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

నేపథ్యం

స్కాలర్ ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతారు. ముప్ఫై అయిదేళ్ళు దాటాక పీహెచ్‌డీలో చేరారు. తెలంగాణలోని ఒక పల్లె నుంచి వచ్చినవారు. పోలిష్ రాదు, హంగేరియన్ రాదు. రెండు దేశాల రాజ్యాంగాలకూ, ముఖ్యమైన కోర్టు తీర్పులకూ ఇంగ్లిష్ అనువాదాలున్నాయి కాబట్టి పని జరుగుతుందని ఒప్పుకున్నాను. కొత్త రాజ్యాంగాలకు ప్రజామోదం ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆయన అంశం. సినాప్సిస్‌లో, అంటే పరిశోధన ప్రణాళికలో, ఏడు దేశాలున్నాయి. నేను మూడుకు తగ్గించమన్నాను: పోలండ్, హంగరీ, రొమేనియా.

ఈ దేశాల ఇబ్బంది మనకు వెంటనే అందదు. మన దగ్గర పరాయి పాలకులు వెళ్ళిపోయారు, మనవాళ్ళు కూర్చుని రాశారు. అక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్ళలేదు. పాత పార్టీ ఉంది, పాత పార్లమెంటు ఉంది, కాగితం మీద పాత రాజ్యాంగమూ ఉంది. కొత్తది రాసే హక్కు ఎవరికుంది? పాత పార్లమెంటు స్వేచ్ఛగా ఎన్నికైంది కాదు. కొత్త పార్లమెంటును ఎన్నుకుందామంటే ఆ ఎన్నికల చట్టం చేయాల్సింది మళ్ళీ పాత పార్లమెంటే. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టే ఉంటుంది.

పోలండ్‌లో 1989 ఫిబ్రవరి 6 నుంచి ఏప్రిల్ 5 దాకా ప్రభుత్వమూ, కార్మిక సంఘంగా మొదలైన ప్రతిపక్ష ఉద్యమం సాలిడారిటీ నాయకులూ రౌండ్ టేబుల్ చుట్టూ కూర్చున్నారు. కుదిరిన ఒప్పందం ప్రకారం దిగువ సభ సెయ్‌మ్‌లోని 460 సీట్లలో 65 శాతం పాలక కూటమికి ముందే కేటాయించారు. మిగిలిన 161కీ, ఎగువ సభ సెనేట్‌లోని 100 సీట్లకూ స్వేచ్ఛగా పోటీ. జూన్‌లో ఎన్నికలు జరిగితే ఆ 161 సీట్లూ సాలిడారిటీకే వచ్చాయి. సెనేట్‌లో 100కి 99 వచ్చాయి. ఇంత స్పష్టమైన తీర్పు వచ్చాక కూడా రాజ్యాంగం రాయడానికి మరో ఎనిమిదేళ్ళు పట్టింది.

స్కాలర్‌ను మొదట పట్టుకున్నది ఈ ఎనిమిదేళ్ళే. ఇంత ఆలస్యమెందుకు? 1791 మే 3 నాటి రాజ్యాంగానికి 200 ఏళ్ళు నిండే రోజుకల్లా, అంటే 1991 మేకల్లా కొత్తది తెద్దామనుకున్నారు. సెయ్‌మ్‌లో బ్రోనిస్లావ్ గెరెమెక్ అధ్యక్షతన ఒక కమిటీ పనిచేసింది. అయితే ఆ సభ సగానికి పైగా ఒప్పందం మీద వచ్చింది, పూర్తిగా ఎన్నికైంది మేమేనన్నది సెనేట్ వాదన. రెండు సభలూ రెండు ముసాయిదాలు రాసుకున్నాయి. ఏదీ తేలలేదు. 1991 అక్టోబరులో పూర్తి స్వేచ్ఛతో ఎన్నికలు జరిగాయి. సెయ్‌మ్‌లోకి 29 పార్టీలు, బృందాలు వచ్చి పడ్డాయి. 1992 అక్టోబరులో 'చిన్న రాజ్యాంగం' అనే తాత్కాలిక ఏర్పాటుతో సరిపెట్టుకున్నారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, రాజ్యాంగం ఏ పద్ధతిలో రాయాలో చెప్పే చట్టం మాత్రం చేసుకున్నారు. రెండు సభలూ కలిసిన నేషనల్ అసెంబ్లీ మూడింట రెండొంతుల మెజారిటీతో ఆమోదించాలి, తర్వాత రెఫరెండం, అంటే ప్రజలందరి ఓటింగు, పెట్టాలి.

సమస్య బయటపడ్డ తీరు

మొదటి ఏడాది చివర్లో ఆయన ఒక పట్టిక తెచ్చారు. ఆలోచన నాదే. పరీక్షకులు ఒక్క చూపులో అర్థం చేసుకునేది పట్టికేనని నేనే చెప్పాను. అయిదు ప్రశ్నలు, ప్రశ్నకు రెండు మార్కులు. స్వేచ్ఛగా ఎన్నికైన సభ రాసిందా? ఆ సభ రాజ్యాంగం కోసమే ఎన్నికైందా? ప్రజల నుంచి సలహాలు తీసుకున్నారా? రెఫరెండం పెట్టారా? పాత రాజ్యాంగంతో చట్టపరంగా తెగదెంపులు చేసుకున్నారా? పదికి ఎన్ని మార్కులొస్తే అంత ప్రజామోదం.

డాక్టోరల్ కమిటీ ముందు పట్టిక పెట్టారు. పోలండ్‌కు ఎనిమిది. రొమేనియాకూ ఎనిమిది. హంగరీ 1989కి సున్నా. హంగరీ 2011కి ఆరు.

కమిటీలో ఒక పెద్దాయన చాలాసేపు పట్టిక వైపు చూసి, "బాబూ, ఇందులో మన రాజ్యాంగానికి ఎన్ని వస్తాయి?" అని అడిగారు.

స్కాలర్ అక్కడికక్కడ లెక్క కట్టారు. 1946లో రాజ్యాంగ సభ సభ్యులను ఎన్నుకున్నది ప్రావిన్సుల శాసనసభలు. ఆ శాసనసభలకు ఓటేసింది ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలున్న కొద్దిమంది. కాబట్టి మొదటి ప్రశ్నకు సున్నా, మహా అయితే ఒకటి. రెండోదానికి రెండు. 1948 ఫిబ్రవరిలో ముసాయిదా ప్రచురించి జనాభిప్రాయం కోరారు కాబట్టి మరో రెండు. రెఫరెండం లేదు, సున్నా. తెగదెంపులకు రెండు. మొత్తం ఆరో, ఏడో.

"అంటే రొమేనియా కన్నా మనది తక్కువా?" అన్నారాయన. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగారు. స్కాలర్ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. బయటికి వచ్చాక స్కాలర్ ముఖంలో టెన్షన్ చూసి, ఇది మీ తప్పు కాదని చెప్పాను. కొలబద్ద తప్పని మాత్రం అప్పటికి నాకింకా తోచలేదు. మార్కుల్లో ఎక్కడో చిన్న సవరణ చేస్తే సరిపోతుందనుకున్నాను.

ముందు ఏం ప్రయత్నించాం

సవరణ మొదలుపెట్టాం. రొమేనియాకు తగ్గించాలి, ఎలా? అక్కడ 1990 మే ఎన్నికల్లో గెలిచిన పార్లమెంటే రాజ్యాంగ సభగా కూర్చుంది. 1991 డిసెంబరు 8న రెఫరెండం పెడితే 77 శాతం దాకా 'అవును' అన్నారు. కాగితం మీద వంక పెట్టడానికి లేదు. కానీ ఆ ఎన్నికల్లో ఒకే ఒక్క పార్టీకి దాదాపు మూడింట రెండొంతుల సీట్లు వచ్చాయి. ఆ జూన్‌లో గని కార్మికులను బుఖారెస్ట్‌లోకి దించి, నిరసన చేస్తున్నవాళ్ళను కొట్టించారు. అంచేత 'ఎన్నికల నాణ్యత' అని ఆరో ప్రశ్న కలిపాం. రొమేనియా తగ్గింది. ఇంకో చిక్కు వచ్చింది.

అది హంగరీ. 1989 జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడా జాతీయ రౌండ్ టేబుల్ జరిగింది. అందులో కుదిరిన మార్పులను అక్టోబరులో పాత కమ్యూనిస్టు పార్లమెంటే ఓటేసి చట్టం చేసింది. కొత్త రాజ్యాంగం కాదు, 1949 నాటి స్టాలిన్ కాలపు రాజ్యాంగానికే సవరణ. పేరూ నంబరూ పాతవే, లోపల దాదాపు ప్రతి వాక్యం కొత్తది. పీఠికలో ఒక మాట పెట్టారు: దేశానికి కొత్త రాజ్యాంగం వచ్చేదాకా ఇది అమల్లో ఉంటుందని. మా కొలబద్ద ప్రకారం దీనికంటే అధమం లేదు.

అలాంటి రాజ్యాంగం ఇరవై రెండేళ్ళు నడిచింది. దాని కింద వరసగా ఎన్నికలు జరిగాయి, ప్రభుత్వాలు గొడవ లేకుండా మారాయి. లాస్లో షోయోమ్ అధ్యక్షుడిగా ఉన్న రాజ్యాంగ న్యాయస్థానం 1990 అక్టోబరులోనే మరణశిక్షను కొట్టేసింది. 1995లో ప్రభుత్వం తెచ్చిన పొదుపు చర్యల్లో పలు భాగాలను ఆపేసింది. ప్రభుత్వం తల వంచింది. సున్నా మార్కుల రాజ్యాంగం ఇంత బరువు ఎలా మోసింది?

ఇక్కడ మేం రెండో దారి పట్టాం. పుట్టుక వదిలేసి ఫలితం చూద్దామన్నాను. ఎన్నేళ్ళు నిలిచింది, ఎన్నిసార్లు సవరించారు, కోర్టు మాట చెల్లిందా? ఆర్నెల్లు ఆ పని చేయించాను. అది మరీ అధ్వానంగా తయారైంది. నిలిచింది కాబట్టి ఆమోదం ఉంది, ఆమోదం ఉంది కాబట్టి నిలిచింది అన్నట్టు చాప్టర్ తన చుట్టూ తాను తిరిగింది. మధ్యలో అభిప్రాయ సర్వేలు కూడా చూశాం. అవి రాజ్యాంగం గురించి కాక ఆ నెల ప్రభుత్వం మీద ఉన్న కోపతాపాలే చెబుతున్నాయనిపించి వదిలేశాం.

ఎందుకు కుదరలేదో అర్థమైన రోజు

ఆయన హంగరీ 2011 రాజ్యాంగం పీఠిక చదువుతూ నాకు ఫోన్ చేశారు. "మేడమ్, ఇందులో మన పట్టిక ఉంది" అన్నారు.

2010 ఎన్నికల్లో కుడి పక్ష నాయకుడు విక్టర్ ఓర్బాన్ కూటమికి, పార్టీ జాబితాలకు పడిన ఓట్లలో 53 శాతం దాకా వచ్చాయి. ఎన్నికల పద్ధతి వల్ల అవి 386లో 263 సీట్లయ్యాయి, అంటే 68 శాతం. రాజ్యాంగం మార్చడానికి కావాల్సిన మూడింట రెండొంతులు ఒకే కూటమి చేతికొచ్చాయి. 2011 మార్చి మధ్యలో ముసాయిదా సభలో పెట్టారు. ఏప్రిల్ 18న 262 ఓట్లతో ఆమోదించారు. అయిదు వారాలు పట్టింది. సోషలిస్టులు, మరో ప్రతిపక్షం ఓటింగ్‌ను బహిష్కరించాయి. ప్రజలకు పన్నెండు ప్రశ్నలు పోస్టులో పంపారు, తొమ్మిది లక్షల పైచిలుకు జవాబులొచ్చాయి. రెఫరెండం పెట్టలేదు. ఆ కొత్త పీఠికలోనే ఉంది ఆయన చూపించిన వాక్యం. 1949 నాటి కమ్యూనిస్టు రాజ్యాంగం నిరంకుశ పాలనకు పునాది కాబట్టి దాన్ని గుర్తించడం లేదు, అది చెల్లదని ప్రకటిస్తున్నాం అని దాని సారాంశం.

1949 రాజ్యాంగంలో 1989లో మిగిలింది దాదాపు పేరూ నంబరూ మాత్రమే. చట్టపరంగా దాని కొనసాగింపే కాబట్టి, ఇరవై రెండేళ్ళ ప్రజాస్వామ్యాన్ని మోసిన రాజ్యాంగాన్ని కూడా ఆ ఒక్క వాక్యంతో కొట్టిపారేయడానికి వీలైంది. 'వచ్చేదాకా' అన్న మాట తలుపు తెరిచి పెట్టింది, పుట్టుక సరిగ్గా లేదన్న వాదన ఆ తలుపులోంచి లోపలికి నడిచింది. మేం రాసిన అయిదు ప్రశ్నలూ అదే వాదన. పుట్టుక చూసి సున్నా వేశాం. వాళ్ళూ పుట్టుక చూసే చెల్లదన్నారు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పాతికేళ్ళుగా పాఠం చెబుతున్న నేను, ఒక విద్యార్థి చేత మార్కులు వేయించింది దేనికి?

పట్టిక తీసేద్దామని మర్నాడు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. తీసేస్తే ఏం మిగులుతుందన్నారు. న్యాయమైన ప్రశ్నే. విమర్శ చేస్తే సరిపోదు, దాని చోట ఇంకోటి పెట్టాలి. పట్టికను ఓడిపోయిన ప్రయత్నంగా థీసిస్‌లో ఉంచుదామని ఆయనే అన్నారు. అది మంచి నిర్ణయం. కష్టపడి చేసిన తప్పును దాచిపెడితే, తర్వాత వచ్చేవాళ్ళు అదే తప్పు మళ్ళీ చేస్తారు.

ఏది పనిచేసింది

దారి దొరికింది పుస్తకంలో కాదు, మాటల మధ్యలో. కమిటీ పెద్దాయన అడిగిన ప్రశ్న ఇద్దరి మనసులోనూ ఉంది. ఒకరోజు టీ తాగుతూ స్కాలర్ అన్నారు: "మేడమ్, మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజున మా ప్రాంతంలో చాలామంది దానికి బయటే ఉన్నారు కదా. కొందరు అడవిలో, కొందరు జైల్లో. మా ఇంట్లో పెద్దవాళ్ళు రాజ్యాంగం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. 52 ఎలక్షన్ గురించి మాత్రం పండగ గురించి చెప్పినట్టు చెప్పేవాళ్ళు."

1950 జనవరి 26న తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా నడుస్తూనే ఉంది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ దాన్ని విరమించింది. మొదటి సాధారణ ఎన్నికల్లో పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీ చేసింది. ఇద్దరు సభ్యులను ఎన్నుకునే నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి రావి నారాయణరెడ్డికి వచ్చిన ఓట్లు, జవాహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటి కన్నా ఎక్కువ. ఆ రాజ్యాంగం రాసేటప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు. దాని మీద వాళ్ళకు మంచి అభిప్రాయమూ లేదు. అయినా రెండున్నరేళ్ళు తిరక్కుండానే దాని కింద నామినేషన్ వేశారు, గెలిచారు, వెళ్ళి సభలో కూర్చున్నారు.

"మనం గెలిచినవాళ్ళు ఎలా రాశారో చూస్తున్నాం. ఓడినవాళ్ళు తర్వాత ఏం చేశారో చూస్తే?" అన్నాను. చేతిలో టీ కప్పు అలాగే ఉండగా ఆయన నోట్‌బుక్ తీశారు.

కొత్త పద్ధతిలో మూడు విషయాలు వెతికాం. రాసేటప్పుడు ఓడినవాళ్ళకు కూర్చునే చోటు ఉందా? ఏదైనా ఆపగలిగే బలం ఉందా? ఓడిన మర్నాటి నుంచి వాళ్ళ నడక ఎటు? మార్కులు లేవు, తేదీలూ పనులూ మాత్రమే.

పోలండ్ 1997 దీనికి అసలైన పరీక్ష అయింది. మామూలు కొలతల్లో ఆ రెఫరెండం చాలా బలహీనం. 1997 మే 25న ఓటేసింది 42.86 శాతం మంది. 'అవును' అన్నవాళ్ళు దాదాపు 64 లక్షలు, 'కాదు' అన్నవాళ్ళు దాదాపు 55 లక్షల 70 వేలు. ఓటు హక్కున్న ప్రతి వందమందిలో 'అవును' అన్నది 23 మంది లోపే. ఇంకా లోతుకు వెళితే, రాసిన పార్లమెంటు మీదే పెద్ద ఆరోపణ ఉంది. 1993 ఎన్నికల్లో పార్టీలకు 5 శాతం, కూటములకు 8 శాతం ఓట్లు రావాలన్న నిబంధన మొదటిసారి అమలైంది. చీలిపోయి పోటీ చేసిన కుడి పక్షాలు చాలావరకు గడప దాటలేకపోయాయి. మొత్తం ఓట్లలో మూడింట ఒక వంతు ఏ సీటూ తేకుండానే పోయాయి. పాత పాలక పార్టీ వారసులూ, రైతు పార్టీ కలిసి దాదాపు 36 శాతం ఓట్లతో 460లో 303 సీట్లు తెచ్చుకున్నారు. నాలుగేళ్ళ కిందట చిత్తుగా ఓడినవాళ్ళ వారసులే ఇప్పుడు రాజ్యాంగం రాస్తున్నారు. సాలిడారిటీ మనుషులు చాలామంది వీధిలో ఉండిపోయారు.

ఈ ఒక్క పేరాతో ఆగితే తీర్పు తేలికే. చెల్లని రాజ్యాంగం అనేయొచ్చు. కూర్చునే చోటు గురించి వెతికినప్పుడు బొమ్మ మారింది. 1994లో పద్ధతి చట్టాన్ని సవరించి, 5 లక్షల సంతకాలుంటే పౌరులు కూడా తమ ముసాయిదా పెట్టొచ్చన్నారు. సాలిడారిటీ యూనియన్ సంతకాలు సేకరించి తన ముసాయిదా తెచ్చింది. 56 మంది సభ్యుల రాజ్యాంగ కమిషన్ ముందు మొత్తం ఏడు ముసాయిదాలుంటే, వాటిలో పార్లమెంటు బయట ఉన్నవాళ్ళదీ ఒకటి. సీటు లేకపోయినా కాగితం బల్ల మీద ఉంది.

పీఠిక దగ్గర ఇంకా తెలుస్తుంది. దేవుడి పేరు ఉండాలని ఒక పక్షం, ఉండకూడదని ఇంకో పక్షం. తొలి కమ్యూనిస్టేతర ప్రధాని తదేవుష్ మజోవియెత్స్కీ రాసిచ్చిన వాక్యంతో రాజీ కుదిరింది. సత్యానికి, న్యాయానికి, మంచికి, అందానికి మూలం దేవుడని నమ్మేవారూ, ఆ నమ్మకం లేకున్నా అవే విలువలను వేరే మూలాల నుంచి గౌరవించేవారూ, అందరూ ఆ దేశ పౌరులే అని దాని భావం. ఈ వాక్యం మీద స్కాలర్ పదిహేను పేజీలు రాశారు. ఎక్కువ రాశారని అప్పుడు కోప్పడ్డాను గానీ, మూడింట రెండొంతుల నిబంధన ఏం చేస్తుందో ఆ పదిహేను పేజీలే చూపించాయి. 303 సీట్లున్నా, రెండు సభలూ కలిస్తే పాలక కూటమి బేరం లేకుండా అంతా తన ఇష్టప్రకారం నడిపే పరిస్థితి లేదు. మజోవియెత్స్కీ పార్టీ లాంటివాళ్ళతో కూర్చోవాల్సి వచ్చింది. 1997 ఏప్రిల్ 2న నేషనల్ అసెంబ్లీలో 451 మంది అనుకూలంగా, 40 మంది వ్యతిరేకంగా ఓటేశారు.

ఇక మర్నాటి నడక. 'కాదు' అని ప్రచారం చేసినవాళ్ళ దగ్గర ఓటమిని ఒప్పుకోకపోవడానికి కారణాలు కావలసినన్ని ఉన్నాయి. తక్కువ పోలింగు ఉంది, చిన్న తేడా ఉంది, సభ మీద పాత కోపం ఉంది. రెఫరెండం మీద ఫిర్యాదులు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి. కోర్టు జులై 15న రెఫరెండం చెల్లుతుందంది. మర్నాడు అధ్యక్షుడు అలెగ్జాండర్ క్వాష్నియెవ్‌స్కీ సంతకం చేశారు. సెప్టెంబరు 21న ఎన్నికలు. ఈసారి కుడి పక్షాలు సాలిడారిటీ చుట్టూ ఒక్కటై 201 సీట్లతో గెలిచాయి. కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు అక్టోబరు 17. అంటే ఏ రాజ్యాంగం వద్దన్నారో, దాని కింద మొదటి ప్రభుత్వం నడపాల్సింది వాళ్ళే.

స్కాలర్ అడిగారు, "మూడింట రెండొంతులు లేవు కాబట్టి మార్చలేకపోయారు, అంతే కదా?" మంచి అభ్యంతరం. దాన్ని చాప్టర్‌లో పెట్టమన్నాను. మార్చలేకపోవడం నిజమే. కానీ మార్చలేనివాళ్ళు ఎదిరించవచ్చు, పట్టించుకోకుండా ఉండవచ్చు, ప్రతి నిర్ణయాన్నీ దీనికి చెల్లుబాటు లేదు అన్న గొడవగా మార్చవచ్చు. వాళ్ళలా చేయలేదు. 1993లో వాటికన్‌తో సంతకమై ఆగిపోయిన చర్చి ఒప్పందాన్ని 1998లో ఆ రాజ్యాంగం కిందే ఆమోదింపజేసుకున్నారు. స్థానిక పాలనను మార్చి 1999 జనవరి నుంచి 16 ప్రాంతాలుగా చేశారు, అదీ ఆ రాజ్యాంగం కిందే. తమ పనులకు దాన్ని వాడుకున్నారు. వాడుకోవడం కూడా ఒప్పుకోవడంలో ఒక రకమే.

ఇదే వెలుగులో హంగరీని మళ్ళీ చదివాం. అక్కడ మర్చిపోయిన ఒక మంచి అధ్యాయం ఉంది. 1994 ఎన్నికల తర్వాత సోషలిస్టులు, ఉదారవాద పార్టీ కలిసిన కూటమికి 72 శాతం సీట్లు వచ్చాయి. కావాలంటే వాళ్ళే రాజ్యాంగం రాసేయొచ్చు. రాయలేదు. కొత్త రాజ్యాంగం పని మొదలుపెట్టే పద్ధతికి అయిదింట నాలుగొంతులు ఒప్పుకోవాలని 1995లో తమ చేతులు తామే కట్టుకున్నారు. 1996లో ఆ ప్రయత్నం సభలోనే ఆగిపోయింది, కొత్త రాజ్యాంగం రాలేదు. స్కాలర్ మొదటి చిత్తుప్రతిలో దీన్ని 'వైఫల్యం' అని రాశారు. ఆ మాట కొట్టేయమన్నాను. బలం ఉండి కూడా ఓడినవాళ్ళు ఒప్పుకోలేదు కాబట్టి ఆగడం, ఆ ఇరవై ఏళ్ళలో హంగరీకి దొరికిన అతి పెద్ద ప్రజామోదం కావచ్చు. 2010లో కొత్త మెజారిటీ ఆ అయిదింట నాలుగొంతుల నిబంధనను తీసేసింది. తర్వాత 2013 మార్చిలో నాలుగో సవరణతో, కొత్త రాజ్యాంగం అమల్లోకి రాకముందు రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన పాత తీర్పుల బలాన్నే తీసేశారు.

రొమేనియా చాప్టర్ చిన్నదైంది. అక్కడ హంగేరియన్ మైనారిటీ పార్టీ 1991లో రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటేసింది. 'జాతీయ రాజ్యం' అన్న మాట వాళ్ళకు కొరుకుడు పడలేదు. 1996 తర్వాత అదే పార్టీ ప్రభుత్వంలో చేరింది. అంటే ఎనిమిది మార్కులతో మేం సరిగ్గానే చెప్పామా? లేదు. పట్టికలో ఆ ఎనిమిది ఎన్నికల పద్ధతికీ రెఫరెండానికీ వచ్చాయి. నిజంగా చెప్పుకోదగ్గది అయిదేళ్ళ తర్వాత ఓడినవాళ్ళు తలుపు తోసుకుని లోపలికి రావడం.

ఇంకా కుదరని చోటు

వైవాకు, అంటే చివరి మౌఖిక పరీక్షకు, ముందు మేం ఎక్కువ వాదించుకున్నది 2015 తర్వాతి పోలండ్ గురించి. ఓడినవాళ్ళు కూడా ఒప్పుకున్న రాజ్యాంగమైతే, చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో చూసే రాజ్యాంగ ట్రిబ్యునల్ చుట్టూ అంత పెద్ద సంక్షోభం ఎలా వచ్చింది? 2016 మార్చిలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం గెజిట్‌లో ప్రచురించడానికే నిరాకరించింది. పద్ధతి ప్రకారం ఎన్నికైన ముగ్గురు జడ్జిల చేత అధ్యక్షుడు ప్రమాణం చేయించలేదు. మా పద్ధతి ఇక్కడ తేలిపోతుందేమోనని ఆయన భయపడ్డారు.

నా సమాధానం కొంతవరకే పనికొచ్చింది. హంగరీలో పాలకులు రాజ్యాంగాన్నే మార్చేశారు, తర్వాత చేసిందంతా రాజ్యాంగం ప్రకారమే అయింది. పోలండ్‌లో అప్పటి పాలక పక్షానికి 460లో 235 సీట్లే. రాజ్యాంగం మార్చే బలం లేదు, మామూలు చట్టాలతోనే నెట్టుకు రావాల్సి వచ్చింది. కాబట్టి వీధిలోకొచ్చిన జనం ఇది రాజ్యాంగానికి విరుద్ధం అని వేలు పెట్టి చూపించగలిగారు. 2017లో అక్కడ ఒక పోస్టరు ఊరూరా కనిపించింది, టీషర్టుల మీదకీ ఎక్కింది. రాజ్యాంగాన్ని పోలిష్‌లో 'కొన్‌స్టిటూత్స్యా' అంటారు. ఆ మాటలో 'టి', 'యా' అన్న అక్షరాలను వేరే రంగుల్లో వేశారు. 'టి' అంటే నువ్వు, 'యా' అంటే నేను. ఇరవై ఏళ్ళ కిందట సగానికి పైగా జనం ఓటేయడానికి కూడా బయటికి రాని రాజ్యాంగం అది.

స్కాలర్ ఆ పోస్టరును ముగింపు చాప్టర్ మొదటి పేజీలో పెడదామన్నారు. నేను వద్దన్నాను. అది ఒక పక్షం బొమ్మ, అవతలి పక్షం కూడా తాము ఓటర్ల మాటే వింటున్నామంది, వాళ్ళకు నిజంగానే ఓట్లు వచ్చాయి. ఆయన ఒప్పుకోలేదు. చివరికి మధ్యలో, ఈ వివాదంతో సహా, పెట్టాం. ఎవరిది సరైన నిర్ణయమో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కూడా అడిగారు, మన రాజ్యాంగం ఈ పద్ధతిలో ఎక్కడ నిలుస్తుందని. ఈసారి స్కాలర్ తడుముకోలేదు. నల్లగొండ సంగతి చెప్పి, "మార్కులు వేయలేనండీ. తేదీలు చెప్పగలను" అన్నారు.

నేర్చుకున్నవి

గైడ్‌గా నా తప్పు మొదటి నెలలోనే జరిగింది. కొలిచే సాధనం ఎంచుకున్నాక ప్రశ్న అడిగించాను. పట్టిక సులువుగా చదవడానికి వీలవుతుందన్న ఒక్క కారణంతో, ప్రజామోదం అనే జీవమున్న విషయాన్ని పుట్టిన తేదీ ధ్రువపత్రంలా చూశాం. పద్ధతి ముఖ్యం కాదని కాదు. మూడింట రెండొంతుల నిబంధన, 5 లక్షల సంతకాల దారి లేకపోతే పోలండ్‌లో ఓడినవాళ్ళకు అసలు ఏ చోటూ దొరికేది కాదు. పద్ధతిని అది ఓడినవాళ్ళకు ఏం మిగిల్చిందన్న దాన్ని బట్టి చూడాలి, అంతే.

భాష విషయంలో కూడా జాగ్రత్త కావాలి. 'చట్టబద్ధం', 'చెల్లుబాటు', 'ప్రజామోదం' అన్న మూడు మాటల్నీ మొదటి చిత్తుప్రతిలో ఒకే అర్థంలో వాడేశారు. వాటిని విడదీశాకే హంగరీ చాప్టర్ నిలబడింది. 1989 సవరణ చట్టబద్ధమే, దానికి ఆమోదం కాలం మీద వచ్చింది. 2011 రాజ్యాంగమూ చట్టబద్ధమే, దాని ఆమోదం మీద దేశంలో చాలామందికి అనుమానం ఉండిపోయింది.

ఇప్పుడు ఈ అంశం మీద కొత్తగా ఎవరు చేరినా మొదటి నెలలో పుస్తకాల జాబితా ఇవ్వడం లేదు. ఒక దేశం ఎంచుకోమంటాను. రాజ్యాంగం ఆమోదం పొందిన రోజు ఓటింగులో ఓడినవాళ్ళు ఎవరో పేర్లతో రాయమంటాను. ఆ మర్నాటి నుంచి పదేళ్ళ పాటు వాళ్ళు వేసిన కేసులు, చేసిన పోటీలు, బహిష్కరించిన సభలు, చేరిన ప్రభుత్వాలు, అన్నీ తేదీల వారీగా ఒక నోట్‌బుక్‌లో రాసుకుని తెమ్మంటాను. అది చూశాకే సినాప్సిస్ గురించి మాట్లాడతాం.